బరువు లాగు బండికి గేరు పట్టు

పత్తి తీతలు మొదలైనది మొదలు మిరప కళ్ళములు ముగియువరకు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో బరువు లేక తిరుగు బండి కనబడుట అరుదు. పత్తి నందిగామకును జిన్నింగు మిల్లులకును పోవలెను. మిరప బస్తాలు గుంటూరు యార్డుకు చేరవలెను. నల్లరేగడి డొంకలనుండి రోడ్డు మీదికి, సాగర్ ఎడమ కాలువ కట్టల మీదికి ఎక్కి దిగి, మునేరు, పాలేరు దాటి ఈ బరువంతయు కదలవలెను. కృష్ణా జిల్లాలోని ఈ మెట్ట తాలూకాలు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, మిట్టపల్లములు మాత్రము ఎప్పటివే.

ఈమధ్య కొందరు యువరైతులు ఒక ప్రశ్న వేయుచున్నారు. అమెరికాలో పాత పికప్పు బండ్లకు బరువు లాగునప్పుడు నొక్కు స్విచ్చి ఒకటి అదనముగ అమర్చుకొనుచున్నారట; దానితో బండి మిట్టలు సుళువుగ ఎక్కుననియు, గేరుబాక్సు చెడదనియు చెప్పుచున్నారు; అట్టిది మన పికప్పులకు, ట్రాక్టర్లకు పెట్టించవచ్చునా అని. ప్రశ్న మంచిదే. స్విచ్చి సంగతి తెలిసికొన్నచో మన బండి సంగతియు తెలియును.

ఆ దేశపు పికప్పులలో చాల వాటికి గేరు మార్చు పని మనిషి చేయడు. బండియే తన వేగమును, ఎక్సిలేటరు ఎంత నొక్కబడినదో దానిని చూచుకొని గేరు మార్చుకొనును. ఇంజనుకును గేరుబాక్సుకును నడుమ మనకున్నట్టి క్లచ్చి పలకలకు బదులు నూనెతో త్రిప్పు జోడింపు ఒకటి యుండును. వట్టి బండికి ఈ ఏర్పాటు హాయిగ నుండును. వెనుక బరువు కట్టినప్పుడే చిక్కు వచ్చును. కొంచెము చదును రాగానే బండి పై గేరుకు పోవును. అక్కడ బలము చాలక మరల క్రింది గేరుకు దిగును. మరల పైకి పోవును. మిట్ట అంతయు ఇట్లే ఊగిసలాడుచుండును. మార్పు జరిగిన ప్రతిసారి లోపలి పలకలు రాచుకొనును, నూనె జోడింపు జారును, నూనె కాగును. గేరుబాక్సు నూనె సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన తరువాత పెరిగిన ప్రతి 11 డిగ్రీలకు దాని ఆయువు సగమగునని మెకానిక్కులు చెప్పుకొను మోటు లెక్క ఒకటి కలదు. అక్కడ గేరుబాక్సులను చంపునది వేడియే.

ఆ స్విచ్చి ఈ ఊగిసలాటను ఆపును. అది నొక్కినచో బండి క్రింది గేరును ఎక్కువసేపు పట్టియుండును. గేరు మారునప్పుడు నూనె ఒత్తిడి పెంచి పలకలు జారకుండ బిగియబట్టును. కొన్ని బండ్లలో, పల్లములో డ్రైవరు బ్రేకు తాకగానే తనంతట క్రింది గేరుకు దిగి, ఇంజను చేతనే బండిని నిలువరించును. జనరల్ మోటార్సు వారి 1999 నమూనా షెవర్లే సిల్వరాడో పికప్పులలో ఈ స్విచ్చి యుండెను. అంతకు పూర్వపు బండ్లలో డ్రైవర్లు మీటను ఒక మెట్టు క్రిందికి దింపి, పై గేరు పడకుండ చేసికొనెడివారు. పని అదే.

పాత బండికి తరువాత అమర్చుట అనునది బండినిబట్టి యుండును. కొన్నింటిలో గేరుబాక్సును నడుపు కంప్యూటరులో ఈ ఏర్పాటు ముందే యుండి, బొత్తాము మాత్రము ఉండదు. అట్టివాటికి బొత్తామును పెట్టి, సరియైన తీగకు కలిపిన చాలును. కొన్నింటికి కంప్యూటరులోని లెక్కలనే తిరుగ వ్రాయించవలెను. కంప్యూటరే లేని మరి పాత బండికి ఈ స్విచ్చి కలుపుటకు చోటే లేదు. ఏ బండికైనను ఇది ఇంజను బలమును వీసమంతయు పెంచదు, బండి లాగదగిన బరువును పెంచదు, బ్రేకులను మెరుగుపరచదు. నూనె చల్లార్చు రేడియేటరు లేనిచోట అదియు పెట్టించవలసినదే.

ఇక మన బండ్లు. మన రోడ్ల మీద తిరుగు పికప్పులు దాదాపు అన్నియు చేతితో గేరు వేయునవే. శ్రీసిటీలో 2016 నుండి తయారగుచున్న ఇసుజు పికప్పులలో కొన్ని నమూనాలకు తనంతట మారు గేర్లు కలవు గాని, పంట మోయు రైతు కొనునవి అవి కావు. చేతి గేరు బండికి ఈ స్విచ్చి అక్కరలేదు. ఆ స్విచ్చి చేయు పని మీ ఎడమచేయి చేయుచున్నది, లేదా చేయవలసియున్నది. కావున ఎవరైన మెకానిక్కు డబ్బు తీసికొని మీ పికప్పుకు "లాగుడు స్విచ్చి" పెట్టుదునన్నచో వలదనుడు. గ్రామాధికారులు ఇంకొక మాటయు గుర్తుంచుకొనవలెను: రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది.

ఐదు గేర్ల పికప్పులో సాధారణముగ నాలుగవ గేరు ఇంజనుతో సమముగ తిరుగును. ఐదవది ఇంజనును నెమ్మదిపరచి డీజిలు మిగుల్చుటకు పెట్టినది. నిండు బస్తాలతో ఫ్లైఓవరు గాని వంతెన గాని ఎక్కుచు ఐదవ గేరులో మూలుగు ఇంజనును చూచినచో జాలి కలుగును. మూలుగు వినబడకముందే నాలుగు, అవసరమైనచో మూడు వేయవలెను.

ట్రాక్టరులో మనకు అంతకన్న మంచి ఏర్పాటు కలదు. ఎనిమిది గేర్ల ట్రాక్టర్లలో చాలవాటికి గేరు మీట ప్రక్కన హై, లో అను ఇంకొక మీట యుండును. అదియే మన లాగుడు స్విచ్చి! కంపెనీవారు బండితోపాటే ఇచ్చినారు. దుక్కిలో దానిని అందరును వాడుదురు. రోడ్డెక్కగానే హైలో వేసి మరచిపోవుదురు. కాలువ కట్ట ఎక్కి దిగవలసినప్పుడు ట్రాక్టరును ఒకసారి నిలిపి లోకు మార్చుకొనుటకు పట్టు కాలము అరనిమిషము.

కొన్నేండ్ల క్రిందట ఒక కాలువ కట్ట వద్ద నేను కన్నులార చూచిన సంగతి చెప్పెదను. మిరప బస్తాల ట్రక్కుతో ఒక యువకుడు కట్ట దిగుచుండెను. హై మూడవ గేరులో దిగ మొదలిడి, వేగము హెచ్చుచున్నదని సగములో క్లచ్చి త్రొక్కి రెండవ గేరు వేయబోయెను. గేరు గరగరమన్నది గాని పడలేదు. క్లచ్చి త్రొక్కిన క్షణముననే ఇంజను పట్టు వదలిపోయినది. వెనుక ట్రక్కు త్రోయ మొదలుపెట్టినది. క్రింద మలుపులో ట్రాక్టరు ఒక ప్రక్కకు, ట్రక్కు ఒక ప్రక్కకు మోచేయి మడిచినట్లు ముడుచుకొన్నవి. బస్తాలు కాలువలో పడినవి. ఆ కుర్రవానికి కాలు విరిగి ప్రాణము దక్కినది. అతడు పొగరుబోతు కాడు, త్రాగియుండలేదు. క్రింది గేరు పైననే వేసికొనవలెనని అతనికి ఎవ్వరును చెప్పియుండలేదు, అంతే.

ఆ త్రోపుడు ఎంతయో లెక్క వేసి చూడుడు. ఇరవై అడుగులకు ఒక అడుగు దిగు పల్లములో, బస్తాలతో కూడి ఐదు టన్నులున్న ట్రక్కు దానిలో ఇరవయ్యవ వంతు, అనగా రెండున్నర క్వింటాళ్ళ బరువుతో ట్రాక్టరును వెనుకనుండి నెట్టుచుండును. చక్రముల రాపిడి కొంత తీసివేయును గాని, తక్కినది ఎవరో ఒకరు ఆపవలసినదే. మన ట్రక్కులలో చాలవాటికి సొంత బ్రేకులు లేవు. రెండు టన్నుల ట్రాక్టరు, ఐదు టన్నుల ట్రక్కు కలిసి పది మీటర్ల లోతు దిగినచో పుట్టు వేడి రెండు లీటర్ల నీటిని మరగకాచుటకు చాలును. గేరులో దిగినచో ఆ భారములో ఎక్కువ భాగమును ఇంజను భరించును. న్యూట్రల్‌లో దిగినచో ఆ వేడి దాదాపు అంతయు ట్రాక్టరు బ్రేకులలోనే పుట్టును. బ్రేకులు కాగిన కొలది పట్టు తగ్గును. వేగము గంటకు పది కిలోమీటర్లనుండి ఇరువదికి పెరిగినచో ఆపవలసిన శక్తి రెండింతలు గాదు, నాలుగింతలగును.

న్యూట్రల్‌లో జారవిడిచినచో డీజిలు మిగులునని మనలో ఒక నమ్మకము కలదు. పాత డ్రైవర్లు కొత్తవారికి నేర్పునదియు ఇదియే. ఇది తప్పు. గేరులో ఉంచి ఎక్సిలేటరు వదలినచో చక్రములే ఇంజనును త్రిప్పును. పంపు డీజిలు పోయుట మానును. పాత పంపులలో గవర్నరు ఆ పని చేయును, కొత్త ఇంజన్లలో కంప్యూటరు చేయును. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగిపోకుండ తిరుగుటకు డీజిలు కావలెను. అనగా ప్రమాదమును కొనితెచ్చుకొనుటకు డీజిలు ఖర్చు కూడ పెట్టుచున్నామన్న మాట. పల్లములో క్లచ్చి త్రొక్కిపట్టి దిగుటయు న్యూట్రల్ వంటిదే.

ఏ గేరుతో ఎక్కగలరో ఆ గేరుతోనే దిగుడు. పల్లము అంచుకు రాకముందే, బండి చదునున నిలిచియుండగనే ఆ గేరు వేసికొనవలెను. దిగునప్పుడు బ్రేకును త్రొక్కిపట్టియుంచక, వేగము హెచ్చినప్పుడు త్రొక్కి, తగ్గినంతట వదలవలెను.

రోడ్డు మీద కుడి ఎడమ బ్రేకు పెడళ్ళను కలుపు కొక్కెమును తప్పక వేయవలెను. చేలో మలుపులకు దానిని తీయుదురు. డొంక దాటి రోడ్డెక్కునప్పుడు వేయుట మరతురు. బరువుతో పల్లము దిగుచు ఒక్క పెడలే త్రొక్కినచో ట్రాక్టరు ఒక్క ప్రక్కకు గిరుక్కున తిరుగును, ట్రక్కు నేరుగ వచ్చి మీద పడును.

బస్తాలు సర్దుట ఎద్దుబండి తోలినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. బరువు వెనుకకు పోయినచో కాడి పైకి లేచి ఎద్దుల మెడలు పట్టుకొనును. ముందుకు పోయినచో ఎద్దులు క్రుంగిపోవును. రెండు చక్రముల ట్రక్కుకును ఇదే ధర్మము. ఇరుసుకు కొంచెము ముందుగ బరువు ఉన్నచో హుక్కు మీద తగినంత ఒత్తిడి పడి ట్రాక్టరు వెనుక చక్రములు నేలను పట్టును. వెనుకబరువైనచో హుక్కు పైకి లేవజూచును; ఆ చక్రములు తేలికై, గేరు సరిగ వేసినను జారును. అప్పుడు గేరు పట్టు ఎంతయున్నను నేలకు చేరదు. ట్రక్కును ఎప్పుడును క్రింది హుక్కుకే తగిలించవలెను. పైన తగిలించినచో మిట్టలో ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరుగబడును. మిట్ట మధ్య ఇంజను ఆగినచో క్లచ్చిని ఒక్కసారిగ వదలినను ఇదే జరుగును. హుక్కు పిన్నుకు క్రింద చీల వేయక కట్టుతీగ చుట్టి సరిపుచ్చుకొనువారు చాలమంది కలరు. ఆ చీల ఖరీదు ఒక టీ ఖరీదు కన్న పెద్దగ ఎక్కువ కాదు.

ట్రక్కులో మనుషులను ఎక్కించుటను గురించి కూడ ఒక మాట. తిరుపతమ్మ తిరునాళ్ళకు పెనుగంచిప్రోలుకో, నరసింహస్వామి దర్శనమునకు వేదాద్రికో కుటుంబములతో ట్రాక్టర్ల మీద పోవుట మనకు అలవాటు. 2020 జూన్ 17న వేదాద్రినుండి తిరిగి వచ్చుచున్న అట్టి ట్రాక్టరును లారీ ఢీకొనగ పెక్కుమంది చనిపోయిరి. అది గేరు తప్పు కాదు. కాని ట్రక్కులో పట్టుకొనుటకు ఏమియు లేదు, కట్టుకొనుటకు బెల్టు లేదు. చిన్న దెబ్బకైనను మనిషి బయట పడును. బస్తాలు పడినచో ఏరుకొనవచ్చును.

నడుపుట నేర్చుకొనదలచిన యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. దగ్గరలో జగ్గయ్యపేట వద్ద గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రమును అడిగినచో దారి చెప్పుదురు. గ్రామాధికారులు తమ గ్రామములో కాలువ కట్ట మీదికి ట్రాక్టర్లు ఎక్కు ర్యాంపులను పత్తి తీతలకు ముందుగనే ఒకసారి నడచి చూడవలెను. అంచులు విరిగినచోట సున్నము పూసిన రాళ్ళు పాతించుడు. ర్యాంపు పైభాగమున ట్రాక్టరు, ట్రక్కు రెండును నిలిచి గేరు మార్చుకొనుటకు చదును చోటు ఉన్నదో లేదో కొలిచి చూచి, లేనిచో మట్టి పోయించుడు.