నకలు అమ్మ అవుతుందా? ఒక సినిమా, ఒక వజ్రం

సూరత్ అనగానే మనవాళ్ళకు చీరలు, మరమగ్గాలు గుర్తొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా అక్కడికి వలస వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో అత్యధిక భాగం సూరత్ కార్మికుల చేతుల మీదుగానే వెళుతుంది. ఇప్పుడు అక్కడ వజ్రాలను సానబట్టడమే కాదు, తయారు కూడా చేస్తున్నారు.

సీవీడీ అనే పద్ధతిలో ఒక పలుచని వజ్రపు ముక్కను విత్తనంలా గదిలో ఉంచుతారు. మీథేన్, హైడ్రోజన్ వాయువులను బాగా వేడిచేసి ప్లాస్మాగా మారుస్తారు. మీథేన్‌లోని కార్బన్ పరమాణువులు ఆ విత్తనం మీద పొరలు పొరలుగా పేరుకుంటాయి. కొన్ని వారాల్లో వజ్రం సిద్ధమవుతుంది. భూగర్భంలో 150 కిలోమీటర్లకు పైగా లోతున, వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఏర్పడిన వజ్రానికీ దీనికీ పరమాణువుల అమరిక ఒకటే. మరి రెండూ ఒకటేనా?

ఇదే ప్రశ్నను మనిషి విషయంలో అడిగిన సినిమా ‘అడ్వాంటేజియస్’. జెన్నిఫర్ ఫాంగ్ దర్శకత్వంలో తక్కువ ఖర్చుతో తీసిన ఈ స్వతంత్ర అమెరికన్ చిత్రం 2015లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక పురస్కారం పొందింది. కథ భవిష్యత్తులో జరుగుతుంది. గ్వెన్ ఒంటరి తల్లి. ఆమె కూతురు జూల్స్ బాగా చదివే పిల్ల. ఒక సంస్థకు ప్రచారకర్తగా పనిచేసే గ్వెన్‌ను, వయసు మీరుతోందని ఉద్యోగం నుంచి తప్పిస్తారు. కూతురిని మంచి బడిలో చేర్చాలంటే డబ్బు కావాలి. అందుకు ఆమె ముందున్నది ఒకే దారి. తన స్పృహను మరో యువతి శరీరంలోకి మార్చే ప్రక్రియకు ఒప్పుకోవాలి.

ఇది సాధ్యమేనా? మెదడులోని నాడీకణాల అనుసంధానాల పటాన్ని ‘కనెక్టోమ్’ అంటారు. కేవలం 302 నాడీకణాలున్న ఒక చిన్న నులిపురుగు పటం 1986లోనే ప్రచురితమైంది. 2024లో పండ్ల ఈగ మెదడు పటం పూర్తయింది. అందులో సుమారు 1,39,000 నాడీకణాలు, 5 కోట్లకు పైగా అనుసంధానాలు ఉన్నాయి. అదే ఏడాది మానవ మెదడులోని ఒక ఘన మిల్లీమీటరు ముక్కను చిత్రించారు. దానికే 1,400 టెరాబైట్ల సమాచారం అవసరమైంది. మన మెదడు అలాంటి ముక్కలు సుమారు 12 లక్షలంత ఉంటుంది. అందులోని నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు.

పటం దొరికినా సరిపోదు. ఏ అనుసంధానం ఎంత బలంగా పనిచేస్తోంది, ఏ రసాయనం ఏ క్షణంలో విడుదలవుతోంది అన్నది పటం ఒక్కటే చెప్పలేదు. అందుకే ఆ నులిపురుగు ప్రవర్తన మొత్తాన్ని కంప్యూటర్‌లో పునఃసృష్టించడం నేటికీ సాధ్యపడలేదు.

ఒకవేళ సాధ్యమైందనే అనుకుందాం. అప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఒక ఫైలును నకలు చేస్తే పాత ఫైలు ఉన్నచోటే ఉంటుంది. అలాగే గ్వెన్ స్పృహను నకలు చేశాక కూడా పాత గ్వెన్ బతికే ఉంటే? ఇద్దరూ ‘జూల్స్ అమ్మను నేనే’ అంటారు. ఇద్దరికీ అవే జ్ఞాపకాలు. కానీ ఒకరికి నొప్పి కలిగితే రెండోవారికి తెలియదు. అంటే స్పృహ ఒక చోటు నుంచి మరో చోటుకు వెళ్ళలేదు, రెండోది కొత్తగా పుట్టింది. ఈ సినిమాలోనూ బదిలీ అని చెప్పింది నిజానికి నకలేనని బయటపడుతుంది.

కాబట్టి ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. నకలును అమ్మగా అంగీకరించాలా వద్దా అన్నది కూతురి ప్రశ్న. కాలం గడిచేకొద్దీ ఆమె ‘సరే’ అనవచ్చు. ‘నేను ఉంటానా?’ అన్నది తల్లి ప్రశ్న. దీనికి కూతురి అంగీకారం జవాబు కాదు.

మళ్ళీ వజ్రం దగ్గరకు వద్దాం. ప్రయోగశాలలో పెరిగినదీ నిజమైన వజ్రమే. అయినా పరీక్షా పరికరాలు తేడా పట్టేస్తాయి. సహజ వజ్రాల్లో చాలావాటిలో కోట్ల ఏళ్ళ వేడికి గుంపులుగా చేరిన నైట్రోజన్ పరమాణువులు ఉంటాయి. అతినీలలోహిత కాంతిలో చూస్తే పెరిగిన తీరు కూడా వేరుగా కనిపిస్తుంది. అమరిక ఒకటే, చరిత్ర వేరు. నగ కొనేవారికి ఆ చరిత్ర అవసరం లేకపోవచ్చు. మనిషి విషయంలో దాన్ని పక్కన పెట్టగలమా?

సాంకేతికత ఊహే కావచ్చు, గ్వెన్ ఇబ్బంది మాత్రం ఊహ కాదు. బిడ్డ ఫీజు కోసం తన ఒంట్లో శక్తిని కొంచెం కొంచెంగా ఖర్చు చేసే తల్లులు సూరత్‌లోనూ ఉన్నారు, మన ఊళ్ళోనూ ఉన్నారు. మంచి విజ్ఞాన కల్పన రేపటి యంత్రాన్ని చూపిస్తూనే, ఈ రోజు ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో గమనించమంటుంది. సినిమా చూశాక ఇంట్లో ఈ ప్రశ్న వేసి చూడండి: జూల్స్ స్థానంలో మీరుంటే, ఆ ఒప్పందానికి అమ్మను సరేననమంటారా?