ఇంటిల్లిపాదీ చదివితేనే దానం నిలుస్తుంది



చదువు కోసం మన సమాజం చేసే దానం ఎక్కువగా మూడు రూపాల్లో ఉంటుంది: ఫీజు, పుస్తకాలు, యూనిఫాం. మూడూ అవసరమే, మూడూ కొనసాగాలి. అయితే బిడ్డ బడిలో ఉండేది రోజుకు ఆరేడు గంటలు. మిగతా పొద్దు, ఆదివారాలు, పండుగ సెలవులు, వేసవి సెలవులు అన్నీ గడిచేది ఇంట్లోనే. ఆ ఇంట్లో చదివి చెప్పేవారు ఎవరూ లేకపోతే మనం కట్టిన ఫీజు ఫలితం సగంలోనే ఆగిపోతుంది. అందుకే దాతల ముందు ఒక మాట ఉంచుతున్నాము. బిడ్డకు ఇచ్చే సహాయంతో పాటు ఆ ఇంటి చదువుకూ కొంత కేటాయించాలి.

ఆటంకం ఎక్కడుంది?

2006లో వెలువడిన జస్టిస్ సచార్ కమిటీ నివేదిక మనలో చాలామందికి తెలిసినదే. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం కాగా ముస్లింలలో 59.1 శాతమేనని అది చూపింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. ఆ లెక్కలోని పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. నేడు ఒకటో తరగతిలో చేరుతున్న ఎందరో బిడ్డలకు వారే అమ్మీ, అబ్బాలు.

దీనికి భాష చిక్కు తోడవుతుంది. హైదరాబాదు పాతబస్తీలో ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, ఆఫీసు కాగితాల్లో తెలుగు. కోస్తా, రాయలసీమల్లోని దూదేకుల ఇళ్లలో మాట తెలుగే అయినా, చదవడం రాని తల్లులు అక్కడా ఉన్నారు. టీచరు డైరీలో రాసిన మాట కింద తల్లి సంతకం పెడుతుంది, అందులో ఏముందో ఆమెకు తెలియదు. బిడ్డ వెనకబడిన సంగతి పరీక్ష తప్పాక గానీ ఇంటికి తెలియదు. ఆ తర్వాత అబ్బాయి మెకానిక్ షెడ్డుకు, అమ్మాయి కుట్టుమిషను ముందుకు వెళ్లడానికి ఎక్కువ కాలం పట్టదు.

మన చరిత్రలోనే దారి ఉంది

దైవప్రవక్త (స)కు అందిన మొదటి ఆదేశమే చదవమని. అప్పటికి ఆయన వయసు నలభై ఏళ్లు. పెద్ద వయసులో చదువేమిటి అనేవారు ఈ ఒక్క విషయం తలచుకుంటే చాలు. బద్ర్ యుద్ధంలో పట్టుబడి, విమోచన ధనం చెల్లించలేని ఖైదీల్లో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు రాత నేర్పితే విడుదల చేసే ఏర్పాటు జరిగింది. ప్రవక్త (స) ఇంట హజ్రత్ హఫ్సా (రజి) రాత నేర్చుకున్నది హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) దగ్గర. తరువాతి కాలంలో గ్రంథరూపంలో కూర్చిన దివ్య ఖుర్ఆన్ ప్రతి ఆ హఫ్సా (రజి) దగ్గరే భద్రంగా ఉంది. ఇంటి స్త్రీకి చదువు రావడం మనకు కొత్త సంగతి కాదు.

మన దేశంలో బేగం రొకేయా 1911లో కలకత్తాలో ఎనిమిది మంది బాలికలతో బడి మొదలుపెట్టారు. అంతటితో ఆగక 1916లో ముస్లిం మహిళల అంజుమన్ స్థాపించి, పేదవాడల స్త్రీలకు చదువు, చేతిపనులు నేర్పించారు. బిడ్డల బడి నిలవాలంటే ఇళ్లకూ చదువు చేరాలని ఆమె పనే చెబుతుంది.

ఇతరుల అనుభవం

టర్కీలోని ఇస్తాంబుల్ పేదవాడల్లో 1982లో ఒక ప్రయోగం మొదలైంది. చిన్న పిల్లలతో ఇంట్లో ఎలా మాట్లాడాలో, ఎలా ఆడించి నేర్పాలో తల్లులకు శిక్షణ ఇచ్చారు. ఏళ్ల తర్వాత చూస్తే, శిక్షణ పొందిన తల్లుల పిల్లలు ఎక్కువమంది బడిలో నిలిచారు.

మన దేశంలోనే బీహార్, రాజస్థాన్ గ్రామాల్లో తల్లుల అక్షరాస్యత తరగతులను, ఇంట్లో బిడ్డతో కలిసి చేసే అభ్యాసాలను విడివిడిగానూ, కలిపీ పరీక్షించారు. పిల్లల లెక్కల్లో పెరుగుదల చిన్నదే. తల్లుల చదువు మెరుగుపడింది, బిడ్డ చదువులో వారి పాత్రా పెరిగింది. మాయలు జరుగుతాయని మేము చెప్పడం లేదు. ఓపికగా, ఏళ్ల తరబడి నడపవలసిన పని ఇది.

ఇక మన నెల్లూరు. 1990ల ఆరంభంలో అక్షరాస్యత ఉద్యమంలో పలక పట్టిన దూబగుంట స్త్రీలు, తమ ఇళ్లను కూల్చుతున్న సారా గురించి అక్కడే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది ఉద్యమమై జిల్లాలు దాటింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కలిసి చదువుకున్న తల్లులు ఇంటిని కూడా చక్కదిద్దగలరని ఇంతకంటే రుజువేం కావాలి?

ఎలా నడపాలి?

పెద్ద భవనం అక్కర్లేదు. మస్జిద్ పక్క గదైనా, మద్రసా ఖాళీగా ఉండే వేళైనా చాలు. వారానికి రెండు సార్లు, రెండేసి గంటలు. మొదటి గంట తల్లులు ఒక గదిలో, పిల్లలు మరో గదిలో. రెండో గంట తల్లీబిడ్డలు ఒకే చాప మీద. పాఠాలు రోజూ పనికొచ్చేవై ఉండాలి: బడి డైరీ, మార్కుల జాబితా, మందు చీటీ, బ్యాంకు పుస్తకం, స్కాలర్‌షిప్ దరఖాస్తు. భాష ఆ ఇంటి భాష, దానితో పాటు తెలుగు. నేర్పేవారు ఆ బస్తీలోనే డిగ్రీ చదువుతున్న అమ్మాయిలైతే, పరదా పాటించే తల్లులకూ సంకోచం ఉండదు. తండ్రులకు ఇషా నమాజు తర్వాత వారానికి ఒక గంట ఉంచాలి. ఆటో నడిపేవారు, పండ్ల బండి పెట్టేవారు పగలు రాలేరు. ఆసక్తి ఉన్నవారిని ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష దాకా తీసుకెళ్లవచ్చు.

ఏ నిధి నుంచి?

దాతలు తప్పక అడిగే ప్రశ్న ఇది. జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని చేతికి, అతని సొంతంగా చేరాలని హనఫీ ఉలమా చెబుతారు. కాబట్టి గది అద్దె, టీచర్ల గౌరవ వేతనం వంటివాటికి సదఖా, లిల్లాహ్ విరాళాలే తగినవి. అర్హులైన పేద కుటుంబాల ఫీజులు, పుస్తకాల కోసం జకాత్‌ను వారికే అందజేయవచ్చు. సందేహం ఉంటే మీ ప్రాంత ఆలిమ్‌ను సంప్రదించండి. రెండు ఖాతాలూ వేరుగా ఉండాలి, లెక్క ఏటా దాతల ముందుకు రావాలి.

సంచులు పంచితే ఫొటో దిగవచ్చు. ఒక తల్లి మొదటిసారి డైరీ చదివి, మరునాడు బడికి వెళ్లి టీచరుతో మాట్లాడితే ఫొటో తీసేవారు ఎవరూ ఉండరు. కానీ ఆ బిడ్డ పదో తరగతి దాటడానికి ఆ రోజే పునాది. ఆమె చదువు ఒక్క బిడ్డతో ఆగదు. తర్వాతి బిడ్డకు, పక్కింటి బిడ్డకు, రేపటి మనవలకు అందుతుంది. మరణానంతరం కూడా పుణ్యం ఆగని సదఖయె జారియా అంటే ఇదే కదా. ఒక బిడ్డ ఫీజు కట్టే దాత, ఈసారి ఆ బిడ్డ తల్లి కూర్చునే చాపకూ చేయూతనివ్వాలని మా విన్నపం.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. ఆమీన్.