పాత రిపీటరుకు కొత్త కొలువు

అనంతగిరి గుట్టల్లో సెల్‌ఫోను పట్టుకొని తిరిగినవారికి ఒక సంగతి అనుభవమే. గుట్టపైన సిగ్నలు బాగానే ఉంటుంది. లోయలోకి నాలుగడుగులు దిగితే సన్నగిల్లుతుంది. మూసీ నది పుట్టిన ఈ కొండలు రేడియో తరంగాలకు ఒకచోట మెట్టు, మరొకచోట గోడ.

కొండ మెట్టుగా ఎలా పనికి వస్తుందో ముందు లెక్క వేసి చూద్దాం. ప్రభుత్వ లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా రేడియో నడిపేవారిని హామ్‌లు అంటారని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల వారితో మాట్లాడడానికి వారు ఎక్కువగా వాడేవి 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌ల పౌనఃపున్యాలు. ఈ తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. భూమి గుండ్రం కనుక ఎంత దూరం పోగలవన్నది ఏంటెనా ఎత్తును బట్టి ఉంటుంది. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చించండి. దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఒకటిన్నర మీటర్ల ఎత్తున చేతి సెట్టు పట్టుకున్న మనిషికి ఇది 5 కిలోమీటర్లు. అలాంటివారు ఇద్దరైతే 10. చెట్లూ ఇళ్లూ అడ్డం వస్తే అందులో సగమైనా దక్కదు. అదే పరిసరాలకన్న 100 మీటర్ల ఎత్తున ఏంటెనా నిలిపితే దానికి 41 కిలోమీటర్లు, కింది మనిషి 5 కలిపి 46. అప్పుడు వికారాబాదే కాదు, తాండూరు కూడా అందే వీలుంది.

ఆ ఎత్తున కూర్చొని, ఒక పౌనఃపున్యంలో విన్నదాన్ని అదే క్షణంలో మరొక పౌనఃపున్యంలో బిగ్గరగా తిరిగి చెప్పే యంత్రమే రిపీటరు. గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, టాక్సీ కంపెనీలు తమ వాకీటాకీల కోసం ఇలాంటివి పెట్టుకుంటాయి. అవి డిజిటల్ సెట్లకు మారినప్పుడు పాత రిపీటర్లు మూలపడతాయి. అమెరికాలో 2013 జనవరి 1 నుంచి 25 కిలోహెర్ట్జ్‌ల వెడల్పు గల చానళ్లను సగానికి తగ్గించుకోవాలనే నియమం వచ్చింది. దానితో ఎన్నో మంచి యంత్రాలు సగం ఆయుష్షయినా తీరకముందే పాతసామాను అయిపోయాయి. వాటిని హామ్‌లు చవకగా కొని కొత్త కొలువులో పెడుతున్నారు.

కొనగానే పని జరిగిపోదు. అసలు చిక్కు ఎక్కడో చూడండి. రిపీటరు ఏకకాలంలో వినాలి, మాట్లాడాలి. మంచి గ్రాహకం 0.25 మైక్రోవోల్టు సంకేతాన్నయినా వినగలదు. 50 ఓముల నిరోధంలో ఇది ఎంత సామర్థ్యమో మీ తరగతి సూత్రంతోనే, అంటే వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించి కట్టవచ్చు. పక్కనే ఉన్న ప్రసారిణి 25 వాట్లతో అరుస్తుంటుంది. ఈ రెంటి నిష్పత్తి 2 పక్కన 16 సున్నలు! జాతరలో మైకు పక్కన నిలబడి చీమ అడుగుల చప్పుడు వినడం ఇంతకన్న తేలికేమో.

ఇక్కడ ఆదుకునేది డూప్లెక్సరు. ఇది కొన్ని లోహపు గొట్టాల వరుస. బిందెలో నీరు నిండే కొద్దీ దాని స్వరం మారడం మీరు విన్నదే. లోపలి ఖాళీ పొడవును బట్టి ఒక్కొక్క స్వరమే గట్టిగా మోగుతుంది. అలాగే ఈ గొట్టాలలోని కడ్డీని పైకీ కిందికీ జరిపి, ఒక పౌనఃపున్యాన్ని పోనిచ్చి మరొకదాన్ని ఆపేటట్లు శ్రుతి చేస్తారు. 145 మెగాహెర్ట్జ్‌ల తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు సుమారు 52 సెంటీమీటర్లు. గొట్టాలు మోకాలెత్తు ఉండడానికి కారణం ఇదే. ఫ్యాక్టరీ రిపీటర్లతో వచ్చే చిన్న డూప్లెక్సర్లు చాలావరకు 4, 5 మెగాహెర్ట్జ్‌ల ఎడం కోసం చేసినవి. హామ్‌ల ఎడం 0.6 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాబట్టి పాత యంత్రం ఎంత చవకగా దొరికినా పెద్ద గొట్టాలకు ఖర్చు తప్పదు. నా ఉద్దేశంలో ఈ పనిలో పిసినారితనం పనికిరాని చోటు ఇదొక్కటే.

పిడుగులకు ఎదురుగా నిలిచే గుట్ట కనుక ఏంటెనా స్తంభానికి మంచి ఎర్తింగు ఉండి తీరాలి.

ఇక హైదరాబాదు మాట. అనంతగిరికి అది సుమారు 75 కిలోమీటర్లు. అక్కడ ఇళ్ల మధ్య చేతి సెట్టు పట్టుకున్నవారికి ఈ గుట్ట అందడం కష్టం. విశాఖపట్నం సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంటర్నెట్టు అవసరం ఇక్కడ వస్తుంది. రిపీటరు నుంచి చిన్న కంప్యూటరుకు ముఖ్యంగా నాలుగు తీగలు చాలు, భూతీగ కాక. విన్న ధ్వనికి ఒకటి, పలకవలసిన ధ్వనికి ఒకటి, ‘ఎవరో మాట్లాడుతున్నారు’ అని తెలిపే తీగ ఒకటి, ‘ఇక ప్రసారం చెయ్యి’ అని ఆజ్ఞాపించే తీగ ఒకటి. కంప్యూటరు ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఆ అంకెలను 160 చొప్పున మూటగట్టి సెకనుకు 50 మూటలు పంపుతుంది. అవతలి ఊరి కంప్యూటరు మూటలు విప్పి అక్కడి రిపీటరు చేత పలికిస్తుంది. 1997లో కెనడాలో పుట్టిన ఐఆర్‌ఎల్‌పీ, 2002లో వచ్చిన ఎకోలింకు ఇలాంటి ఏర్పాట్లే. అవతలి నుంచి వచ్చిన ఏదైనా లోపం వల్ల ప్రసారిణి ఆగకుండా మోగుతూ ఉండిపోకుండా, మూడు నిమిషాలకు దానంతటదే ఆగే గడియారం కూడా పెడతారు.

అయితే తుఫానులో ఇంటర్నెట్టు తెగితే? 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం ఒకటి భారతి ప్రసాద్ నాయకత్వాన అండమాన్ దీవులలో హామ్ ప్రసారాలు చేస్తున్నది. 26వ తేదీన సునామీ వచ్చింది. టెలిఫోనులు మూగబోయినప్పుడు వారి షార్ట్‌వేవ్ సెట్లు దీవులలోని వారి క్షేమసమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేర్చాయి. నడుమ ఏ తీగా లేదు, వాతావరణపు పైపొరలే తరంగాలను వంచి కిందికి పంపాయి. అందుకే ఇంటర్నెట్టు లేకపోయినా రిపీటరు తన ఊళ్ల మధ్య పనిచేస్తూనే ఉండేటట్లు తీగలు కలపాలి. కంప్యూటరు ఆగిపోతే రిపీటరు కూడా ఆగిపోయే ఏర్పాటును నేనైతే ఒప్పుకోను.

కరెంటు పోయినా అది నడవాలి గదా! ప్రసారం చేసేటప్పుడు 5 ఆంపియర్లు, ఊరికే వినేటప్పుడు అర ఆంపియరు తీసుకునే రిపీటరు, గంటలో పావుభాగం మాత్రమే ప్రసారం చేస్తుందనుకోండి. సగటు సుమారు 1.6 ఆంపియర్లు. 100 ఆంపియరు-గంటల బ్యాటరీని పాడుకాకుండా సగమే వాడితే 30 గంటలకు పైగా వస్తుంది.

రిపీటరు పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. దాన్ని ఇంటర్నెట్టుకు కలిపే ముందు ఆ అనుమతిలో అందుకు వీలుందో లేదో చూసుకోవాలి. హామ్ లైసెన్సు పరీక్షకు హైస్కూలు పిల్లలు కూడా కూర్చోవచ్చు. ఈలోగా మీ ఊరి గుట్టో, నీళ్ల ట్యాంకో ఎంత ఎత్తుందో కనుక్కోండి. వర్గమూలం కట్టి 4.12తో హెచ్చించి, వచ్చిన దూరానికి జిల్లా పటం మీద వృత్తలేఖినితో వృత్తం గీయండి. అందులో ఎన్ని ఊళ్లు పడ్డాయి?