స్విచ్‌లో ప్యాకెట్లు ఎందుకు పోతాయి?

మీ బడిలో కంప్యూటర్ల గది ఉందా? ఉంటే ఆ గదిలో ఓ మూల గోడకు బిగించిన చిన్న పెట్టెను చూసే ఉంటారు. దాని ముందువైపు వరసగా చదరపు రంధ్రాలు, ఒక్కో రంధ్రంలోకి ఒక్కో తీగ, మినుకు మినుకుమనే చిన్న దీపాలు ఉంటాయి. ఆ పెట్టెను నెట్‌వర్క్ స్విచ్ అంటారు. ఇంట్లో లైటు వేసే స్విచ్‌కూ దీనికీ సంబంధం లేదు. ఒక కంప్యూటర్ నుంచి వచ్చిన సమాచారం ఏ కంప్యూటర్‌కు చేరాలో చూసి, ఆ తీగలోకి పంపడం దీని పని.

ఈ పెట్టె ఒక్కోసారి వింతగా ప్రవర్తిస్తుంది. తీగలు బాగానే ఉంటాయి. దీపాలు వెలుగుతూనే ఉంటాయి. వచ్చిన సమాచారంలో తప్పేమీ ఉండదు. అయినా అందులో కొంత బయటికి పంపకుండా పారేస్తుంది! కొన్ని రకాల స్విచ్‌లైతే ఎన్ని పారేశాయో లెక్క కూడా రాసి పెడతాయి. ఎందుకిలా జరుగుతుంది? కారణాన్ని కనిపెట్టడం ఎలా? చూద్దాం.

ప్యాకెట్ అంటే ఏమిటి?

మీరు ఒక పెద్ద బొమ్మను మరో కంప్యూటర్‌కు పంపారనుకోండి. అది ఒకే ముద్దగా పోదు. చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి, ప్రతి ముక్కా తన మీద చిరునామా రాసుకుని బయలుదేరుతుంది. ఈ ముక్కనే ప్యాకెట్ అంటారు. అవతలి కంప్యూటర్ ముక్కలన్నిటినీ వరసలో పేర్చి మళ్ళీ బొమ్మ చేస్తుంది. 1960 దశకంలో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ పద్ధతిని ఆలోచించారు. ప్యాకెట్ అన్న పేరు డేవిస్ పెట్టిందే.

ఇప్పుడు మన గదుల్లో కనిపించే ఈథర్నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో పుట్టింది. 1990లో ‘కల్పన’ అనే అమెరికన్ కంపెనీ ఏడు రంధ్రాల ఈథర్నెట్ స్విచ్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. పేరు మనదిలా ఉందే అనుకుంటున్నారా? ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకరు వినోద్ భరద్వాజ్. కల్పన ఆయన భార్య పేరు.

స్విచ్‌కు ఉన్న రంధ్రాన్ని పోర్టు అంటారు. ఒక పోర్టులో వచ్చిన ప్యాకెట్ మరో పోర్టు నుంచి బయటికి పోతుంది. ఆ సమయానికి బయటికి పోయే తీగలో వేరే ప్యాకెట్ పోతూ ఉంటే ఇది కాసేపు ఆగాలి. అలా ఆగడానికి స్విచ్‌లో కొంత జ్ఞాపకస్థలం ఉంటుంది. దాన్ని బఫర్ అంటారు. ప్యాకెట్లు అందులో ఒకదాని వెనుక ఒకటి వరస కడతాయి.

చెరువు, తూము, అలుగు

మన ఊరి చెరువును గుర్తు తెచ్చుకోండి. వాగు నుంచి నీరు వస్తుంది. తూము నుంచి కాలువలోకి పోతుంది. వచ్చే నీరు, పోయే నీరు సమానంగా ఉంటే చెరువు మట్టం మారదు. పెద్ద వాన పడి వాగు పొంగితే తూము అంత నీటిని పంపలేదు. చెరువు నిండుతుంది. నిండాక కూడా నీరు వస్తూంటే అలుగు మీదుగా పొర్లిపోతుంది.

స్విచ్‌లో వచ్చే పోర్టులు వాగులు. బయటికి పోయే పోర్టు తూము. బఫర్ చెరువు. పారవేసిన ప్యాకెట్లు అలుగు దాటిన నీరు. అలుగు పారిందంటే చెరువు కట్ట తెగిందని కాదు కదా! అలాగే ప్యాకెట్ పోయినంత మాత్రాన స్విచ్ చెడిపోయిందని అనుకోకూడదు. వచ్చే వేగం పోయే వేగాన్ని మించింది, నిలవచేసే చోటు చాలలేదు. అంతే.

ఇలా జరగడానికి రెండు సందర్భాలు ముఖ్యం. మొదటిది: వేగంగా వచ్చే తీగ, నిదానంగా పోయే తీగ. రెండోది: అన్ని తీగలదీ ఒకే వేగమైనా, చాలా పోర్టుల నుంచి వచ్చినవన్నీ ఒకే పోర్టు నుంచి పోవలసి రావడం. గంట కొట్టగానే ముప్పైమంది ఒకేసారి ఒకే పెద్ద కంప్యూటర్‌కు జవాబులు పంపితే జరిగేది ఇదే.

ఒక లెక్క చేద్దాం

ఈథర్నెట్‌లో మామూలుగా పెద్ద ప్యాకెట్ 1,518 బైట్లు ఉంటుంది. దాని ముందు వచ్చే సంకేతం, తరువాత వదిలే ఖాళీ కలిపి మరో 20 బైట్ల చోటు పడుతుంది. మొత్తం 1,538 బైట్లు. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి 12,304 బిట్లు.

వచ్చే తీగ వేగం సెకనుకు 100 కోట్ల బిట్లు అనుకోండి. దీన్ని ఒక గిగాబిట్ అంటారు. అందులో ఒక ప్యాకెట్ రావడానికి 12.3 మైక్రోసెకన్లు పడుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు. పోయే తీగ వేగం అందులో పదోవంతు, అంటే 100 మెగాబిట్లు అనుకోండి. ఒక ప్యాకెట్ పోవడానికి 123 మైక్రోసెకన్లు కావాలి. ఒకటి పోయేలోగా పది వస్తాయన్నమాట.

ఇప్పుడు 500 ప్యాకెట్లు ఒకదాని వెంట ఒకటి విరామం లేకుండా వచ్చాయి. బఫర్‌లో 100 ప్యాకెట్లకే చోటుంది. పంపేవాడు మధ్యలో వేగం తగ్గించలేదు. ఏమవుతుంది?

500 ప్యాకెట్లు రావడానికి 500 × 12.3 = 6,150 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ సమయంలో బయటికి పోగలిగినవి 6,150 ÷ 123 = 50. మిగిలిన 450లో 100 బఫర్‌లో నిలిచాయి. తక్కిన 350 పోయాయి!

తరువాత ఆ సెకనంతా ఇంకేమీ రాలేదనుకుందాం. నిలిచిన 100 కూడా నెమ్మదిగా పోతాయి. అంటే ఆ సెకనులో పంపినవి 150. ఆ తీగ సెకనుకు ఎన్ని పంపగలదు? 10 కోట్లను 12,304తో భాగిస్తే దాదాపు 8,127. అంటే తీగ తన శక్తిలో 2 శాతం కూడా వాడుకోలేదు. అయినా వచ్చిన ప్యాకెట్లలో 70 శాతం పోయాయి.

ఈ లెక్కను మరోసారి చదవండి. ప్యాకెట్లు పోయే సమస్యలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఐదు నిమిషాల సగటు చూసి, “తీగ దాదాపు ఖాళీగానే ఉంది, ప్యాకెట్లు ఎలా పోతాయి?” అని ఆశ్చర్యపోతారు. సగటు వర్షపాతం తక్కువే కావచ్చు. అదంతా ఒక్క రాత్రి కురిస్తే అలుగు పారదా? ఇలా రెప్పపాటులో వచ్చిపోయే పొంగును సగటు చూపించలేదు. అలుగు లెక్క, అంటే పారవేసిన ప్యాకెట్ల లెక్క మాత్రమే దాన్ని చూపిస్తుంది.

కారణం వెదకడం ఎలా?

డాక్టరు రోగిని పరీక్షించినట్టే దీనికీ ఒక క్రమం ఉంది.

మొదటి మెట్టు: లెక్కను రెండుసార్లు చూడాలి. ఆ లెక్క స్విచ్‌ను ఆన్ చేసినప్పటి నుంచీ, లేదా చివరిసారి సున్నా చేసినప్పటి నుంచీ పెరుగుతూ వస్తుంది. 50,000 అని కనిపిస్తే అవి ఈ ఉదయం పోయినవో, ఆరు నెలల కిందట పోయినవో తెలియదు. అందుకే ఒకసారి రాసుకుని, పది నిమిషాల తరువాత మళ్ళీ రాసుకోవాలి. రెంటికీ తేడా చూడాలి. ఆ పది నిమిషాల్లో పంపిన ప్యాకెట్ల లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. కోటిలో పది పోవడం వేరు, వెయ్యిలో పది పోవడం వేరు.

రెండో మెట్టు: పాడైనవీ, పారవేసినవీ ఒకటి కాదని గుర్తించాలి. ప్రతి ప్యాకెట్ చివర ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. దారిలో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య సరిపోదు. అప్పుడు అందుకున్న పరికరం దాన్ని దోషం కింద లెక్కిస్తుంది. ఇది పాడైన తీగకో, వదులుగా ఉన్న కొక్కేనికో గుర్తు. పారవేసిన ప్యాకెట్‌లో మాత్రం దోషం లేదు. దానికి చోటు దొరకలేదు. మొదటిది ఎక్కువైతే తీగ మార్చాలి. రెండోది ఎక్కువైతే రద్దీకి కారణం వెదకాలి.

మూడో మెట్టు: పోర్టు ఏ వేగంతో నడుస్తోందో చూడాలి. ఇక్కడ ఒక తమాషా ఉంది. మామూలు నెట్‌వర్క్ తీగలో నాలుగు జతలు, అంటే ఎనిమిది సన్నని రాగి తీగలు ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఒక జత తెగితే చాలా పరికరాలు నోరు మెదపకుండా 100 మెగాబిట్లకు దిగిపోతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, పనీ సాగుతూనే ఉంటుంది. తూము మాత్రం పదోవంతుకు చిన్నదైపోయింది! అప్పుడు తీగలో దోషాలేమీ కనపడవు, పారవేసిన ప్యాకెట్లు మాత్రం పెరుగుతాయి. కాబట్టి రద్దీ అని తేలినా తీగను ఒకసారి అనుమానించాల్సిందే.

రెండు కొసలూ ఒకే పద్ధతిలో నడుస్తున్నాయో లేదో కూడా చూడాలి. ఒక కొసలో ఏకకాలంలో పంపడం, అందుకోవడం రెండూ జరుగుతూ, మరో కొస ఒకసారికి ఒక్కటే చేస్తూంటే ప్యాకెట్లు ఢీకొని పాడవుతాయి. ఒక కొసను మనిషి చేత్తో అమర్చి, రెండోదాన్ని తనంతట తాను సర్దుకోమని వదిలేసినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది.

నాలుగో మెట్టు: ఎప్పుడు, ఎక్కడి నుంచి అని అడగాలి. రోజూ ఒకే గంటకు లెక్క పెరిగితే ఆ గంటకు ఏ పని మొదలవుతోందో చూడాలి. అన్ని కంప్యూటర్లూ ఒకేసారి ఆన్ కావడమో, పెద్ద ఫైళ్ళకు నకలు తీయడమో కారణం కావచ్చు. అకస్మాత్తుగా అన్ని పోర్టులూ నిండిపోతే, ఎవరైనా ఒకే తీగ రెండు కొసలనూ అదే స్విచ్‌లో పెట్టారేమో చూడాలి. అప్పుడు అందరికీ అని రాసి ఉన్న ప్యాకెట్లు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. ఈ చుట్టును స్విచ్‌లే కనిపెట్టి తెంచే ఉపాయాన్ని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ మహిళ కనుగొన్నారు.

మందు ఏమిటి?

కారణం తెలిస్తే మందు సులువు. తెగిన తీగ మార్చవచ్చు. తూము చిన్నదైతే ఎక్కువ వేగం గల పోర్టుకు మార్చవచ్చు, లేదా రెండు తీగలను కలిపి ఒకే దారిగా వాడవచ్చు. పెద్ద పనిని రద్దీ లేని వేళకు జరపవచ్చు. మాటలను మోసే ప్యాకెట్లకు వేరే వరస పెట్టి ముందు పంపవచ్చు. బస్సులో స్త్రీలకు కొన్ని సీట్లు విడిగా ఉంచినట్టన్నమాట. కానీ ఉన్న చోటునే వరసలకు పంచితే ఒక్కో వరసకు వచ్చేది తక్కువ. సరిగా పంచకపోతే ఒక వరస ఖాళీగా ఉండగానే పక్క వరసలో ప్యాకెట్లు పోతాయి.

“బఫర్‌ను చాలా పెద్దది చేస్తే సరిపోతుంది కదా!” అని మీకు తోచి ఉంటుంది. సెకనుకు 10 లక్షల బిట్లు పోయే తీగ ముందు 1,000 పెద్ద ప్యాకెట్ల వరస ఉందనుకోండి. చివరి ప్యాకెట్ బయటపడేసరికి 12 సెకన్లు దాటుతుంది. ఫోనులో ‘హలో’ అంటే 12 సెకన్లకు వినపడితే ఏం లాభం? 2010 ప్రాంతంలో ఇంజనీర్లు ఈ జబ్బుకు బఫర్ బ్లోట్ అని పేరు పెట్టారు. అంటే బఫర్ ఉబ్బరం. బఫర్ చిన్న పొంగును ఆపగలదు. రోజంతా వచ్చే వరదను ఏ బఫరూ ఆపలేదు.

పోవడం కూడా ఒక కబురే

1986 అక్టోబరులో అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖ పక్కపక్కనే, 400 గజాల దూరంలో ఉన్నాయి. వాటి మధ్య సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. 800వ వంతు! కారణమేమిటి? ప్యాకెట్ పోయిందనుకోగానే ప్రతి కంప్యూటరూ దాన్ని మళ్ళీ పంపేది. రద్దీ వల్ల ప్యాకెట్లు పోతే, మళ్ళీ పంపినవి రద్దీని ఇంకా పెంచాయి. దారంతా నకళ్ళతో నిండిపోయింది.

వాన్ జాకబ్సన్, మైఖేల్ కారెల్స్ కలిసి దీనికి ఉపాయం కనుక్కున్నారు. 1988లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. ఉపాయం ఇది: ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని అర్థం. కాబట్టి పంపేవాడు వెంటనే వేగం తగ్గించాలి, తరువాత కొంచెం కొంచెంగా పెంచి చూడాలి. ఈ సూత్రం ఇవాళ్టికీ ఇంటర్నెట్‌ను కాపాడుతోంది. అందుకే అప్పుడొకటి ఇప్పుడొకటి ప్యాకెట్ పోతే కంగారు పడనక్కరలేదు. స్విచ్ “కాస్త నెమ్మది” అని చెబుతోందన్నమాట. ఎడతెగకుండా పోతూంటే మాత్రం కారణం వెదకాలి.

చేసి చూడండి

ఒక సీసా మీద చిన్న గరాటు పెట్టండి. గరాటులో పట్టే నీటికంటే గ్లాసులో పట్టే నీరు ఎక్కువ ఉండాలి. గ్లాసు నీటిని సన్నని ధారగా నిమిషం పాటు పోయండి. చుక్క కూడా ఒలకదు. మరో గ్లాసు నీటిని ఒక్కసారిగా కుమ్మరించి, మిగిలిన నిమిషమంతా ఆగండి. ఎంత ఒలికింది? రెండుసార్లూ నిమిషానికి సగటు ఒక గ్లాసే కదా!

ప్రశ్నలు

1. రెండు గిగాబిట్ పోర్టుల నుంచి ఆగకుండా వచ్చే పెద్ద ప్యాకెట్లన్నీ ఒకే గిగాబిట్ పోర్టు నుంచి పోవాలి. 100 ప్యాకెట్ల బఫర్ ఎంతసేపట్లో నిండుతుంది?

2. పారవేసిన ప్యాకెట్ల లెక్క నిన్న 48,200. ఇవాళ కూడా 48,200. రద్దీ ఇప్పుడు ఉందా?

3. దోషాల లెక్క పెరుగుతోంది, పారవేసినవి పెరగడం లేదు. మొదట దేన్ని చూస్తారు?

జవాబులు

1. ఒకటి పోయేలోగా రెండు వస్తాయి కాబట్టి 12.3 మైక్రోసెకన్లకు వరస ఒకటి పెరుగుతుంది. 100 పెరగడానికి 1,230 మైక్రోసెకన్లు.

2. నిన్నటి నుంచి ఒక్కటీ పోలేదు. అవన్నీ పాతవే. అయితే మధ్యలో ఎవరూ లెక్కను సున్నా చేయలేదని తెలుసుకోవాలి.

3. తీగను, దాని కొసలను. తరువాత రెండు కొసలూ ఒకే పద్ధతిలో నడుస్తున్నాయో లేదో చూడాలి.