ధ్రువపత్రము

కాలికి కట్టుతో కుంటుచు వచ్చువానిని చూచినచో ఎల్లరును దారి యిత్తురు. కాని కొన్ని లోపములు పైకి కనబడవు. వానిని ఎదుటివారు నమ్మవలెనన్న ఆధారము కావలెను. ఆ యాధారమును ఎట్లు సంపాదింపవలెనో, దానితో ఏమి కోరవలెనో తెలుపుటకు మా వీధిలో జరిగిన యొక సంగతి చెప్పెదను.

నేను ఉద్యోగమును విరమించిన పిదప, 2023వ సంవత్సరమున, నా పూర్వశిష్యురాలొకతె ఇంటరు పూర్తిచేసి డిగ్రీ కళాశాలలో చేరబోవుచుండెను. ఆమెకు ఒక కంట చూపు లేదు. చూచువారికి రెండు కన్నులును ఒక్క తీరుననే యుండును. రెండవ కంటి చూపు 6/18; అనగా ఇతరులు పదునెనిమిది మీటర్ల దూరమునుండి పోల్చగల యక్షరమును ఆమె ఆరు మీటర్ల దూరమునుండి గాని పోల్చలేదు. నల్లబల్లపై నేను వ్రాసినదానిని ప్రక్కనున్న పిల్ల మెల్లగా చదువుచుండ విని వ్రాసికొనెడిది. ఈ సంగతి నాకు ఐదేండ్లపాటు తెలియలేదు. పరీక్షలో చిన్న యక్షరములను కూడబలుకుకొనుటకే కాలము చాలక, కడపటి రెండు ప్రశ్నలును ఎప్పుడును మిగిలిపోవుచుండెను. అది యశ్రద్ధ యని నేను మందలించితిని. ఆ మాట తలచుకొన్న ఇప్పటికిని సిగ్గగును.

సదరం శిబిరమునకు తీసికొనిపొమ్మని చెప్పగా తండ్రి ఒప్పుకొనలేదు. "మాస్టారూ! ఆ కాగితముపై ఒక్కమారు వ్రాసిరన్న పిల్లకు సంబంధము వచ్చునా?" అని యడిగెను. నేను జవాబు చెప్పలేకపోతిని. పిల్లయే చెప్పెను: "నాన్నా! కాగితము లేకున్నను నాకు కనబడదు గదా!"

2016వ సంవత్సరమున మన దేశములో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. అంతకుముందు 1995 నాటి చట్టము ఏడు విధముల లోపములనే గుర్తింపగా, ఈ చట్టము ఇరువదియొక్కటిని గుర్తించినది. చూపుమందము, వినికిడిలోపము మాత్రమే గాక, తెలివియుండియు చదువను వ్రాయను కష్టమగు అభ్యసనలోపము కూడ అందు కలదు. నియమింపబడిన వైద్యులు పరీక్షించి, లోపము నూటికి ఎంతయో నిర్ణయించి ధ్రువపత్రము నిత్తురు. నలుబది గాని అంతకు మించి గాని యున్నవారికి ప్రభుత్వ కళాశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలలోను నూటికి ఐదు స్థానములకు తక్కువ కాకుండ కేటాయింపవలెను.

మా పిల్లకు ముప్పది వచ్చినది. నలుబది లేనిది ఈ కాగితము దేనికిని కొరగాదని అక్కడనే ఎవరో చెప్పిరి. తండ్రి అది నమ్మి, దానిని మడచి జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చెను.

ఆ మాట సరికాదు. వ్రాయునప్పుడు చేతివ్రేళ్లు బిగిసిపోవు వ్యాధిగల యువకుడొకడు సివిల్ సర్వీసు పరీక్షకు లేఖకుని కోరగా, లోపము నలుబదికి తక్కువయని నిరాకరించిరి. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పినది. స్థానముల కేటాయింపునకు నలుబది యను హద్దు కలదు గాని, ఒకని యవసరమునకు తగిన సౌకర్యము కల్పించుటకు ఆ హద్దును అడ్డుపెట్టరాదని దాని సారాంశము.

ఇక విన్నపము. పిల్ల వ్రాసి తెచ్చిన కాగితములో "నా లోపమును దయతో గమనించి సహాయము చేయగోరెదను" అని యుండెను. నేను దానిని కొట్టివేసితిని. ధ్రువపత్రము లోపమెంతయో చెప్పును గాని, ఏమి కావలెనో చెప్పదు. అది మనమే చెప్పవలెను. "పరీక్షలో నీకేమి జరుగునో చెప్పుమమ్మా" అని యడిగి, ఆమె చెప్పినట్లే వ్రాయించితిని: పెద్దయక్షరముల ప్రశ్నపత్రము, ముందువరుసలో వెలుతురున్న చోటు, నల్లబల్లను సెల్‌ఫోనుతో ఫొటో తీసికొనుటకు అనుమతి, గంటకు ఇరువది నిమిషముల అదనపు కాలము. ఈ కొలత మేము కల్పించినది కాదు. 2018 ఆగస్టులో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములలోనిదే.

ధ్రువపత్రపు నకలుతోపాటు, చదువుట ఎందుకు ఆలస్యమగునో వివరించుచు కంటివైద్యుడు వ్రాసిన లేఖను జతపరచితిమి. బడిలో నేను చూచినదానిని గూర్చి నేనును ఒక లేఖ వ్రాసితిని. నా మందలింపును అందు దాచలేదు. పెద్దయక్షరములలో అచ్చువేయుటకు వ్యవధి కావలెను గనుక, పరీక్షలదాక ఆగక, చేరిననాడే విన్నపమునిచ్చి, మరియొక ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకొంటిమి. ఈ ముద్ర సంగతి చాలమంది మరతురు. తరువాత అందలేదన్నచో చేతిలో ఏమియు నుండదు.

ప్రిన్సిపాలుగారు కొంత తటపటాయించి మూడింటికి సమ్మతించిరి. ఫోనుకు మాత్రము ఒక అధ్యాపకుడు ఇష్టపడలేదు. ఆయన పాఠమును ఇప్పటికిని స్నేహితురాలి పుస్తకము చూచియే వ్రాసికొనుచున్నది.

తండ్రి ఆ ధ్రువపత్రమును పొలము పట్టాలున్న పెట్టెలో పెట్టి తాళము వేసెను. తొలి పరీక్షలలో పిల్ల కడపటి ప్రశ్నకును జవాబు వ్రాసినదట. అది తప్పు జవాబయినదని నవ్వుచు నాతో చెప్పెను.