రౌడీ, విలన్, వాండల్ – ఈ మాటలు ఎక్కడ పుట్టాయి?

 

"వాడు రౌడీరా", "వీడు పెద్ద విలన్" అని మనం రోజుకు పదిసార్లయినా అంటుంటాం. మనిషికి ఊరూ పేరూ ఉన్నట్లే మాటకు కూడా ఉంటాయి. అల్లరివాళ్ళను తిట్టే కొన్ని ఇంగ్లీషు మాటల పుట్టుక గురించి నేను తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

1. విలన్: లాటిన్ భాషలో విల్లా అంటే పొలాలతో కూడిన పెద్ద ఎస్టేటు. అక్కడ పనిచేసే కూలివాడు విల్లానస్. ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంగ్లండులో దొర భూమిని వదిలి వెళ్ళే హక్కు లేని రైతుకు కూడా ఇదే పేరు. పల్లెటూరివాడంటే మోటువాడు, నీచుడు అని పైవాళ్ళు అనుకోబట్టి, చివరికి దుర్మార్గుడు అనే అర్థం వచ్చింది. అంటే మొదటి విలన్ కత్తి పట్టినవాడు కాదు, నాగలి పట్టినవాడు!

2. రౌడీ: ఇది తెలుగు మాట అనుకొనేవాళ్ళు ఉన్నారు. కానీ ఇది 1800 తర్వాత కొద్ది ఏళ్ళకు అమెరికాలో పుట్టింది. పట్నాలకు దూరంగా, అడవుల్లో బతికే మోటు మనుషులను అలా పిలిచేవారు.

3. సావేజ్: క్రూరుడు అని అర్థం. దీని మూలం లాటిన్ మాట సిల్వా. సిల్వా అంటే అడవి. అడవిలో ఉండేవాడు అనేదే అసలు అర్థం.

4. వాండల్: ఆస్తులు పాడుచేసేవాడు. వాండల్స్ అనేది యూరపులోని ఒక జాతి పేరు. వాళ్ళు క్రీ.శ. 455లో రోము నగరాన్ని దోచుకొన్నారు. దోచుకొన్న సైన్యాలు చరిత్రలో చాలా ఉన్నాయి గానీ, తిట్టుగా మిగిలింది వీళ్ళ పేరే. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1794లో, కళాఖండాలను పగలగొట్టడాన్ని గ్రెగ్వార్ అనే మతగురువు 'వాండలిజం' అన్నాడు. బల్లలు చెక్కితే మనల్నీ ఇప్పుడు ఆ మాటే అంటారు.

5. హూలిగన్: 1898లో లండన్ పేపర్లలో బాగా వచ్చింది. ఇది ఒక ఐరిష్ ఇంటిపేరు నుండి వచ్చిందని ఎక్కువమంది అంటారు.

6. థగ్: ఇది మన దేశపు మాట. హిందీలో ఠగ్ అంటే మోసగాడు. ఇది మాత్రం చేసిన పనిని బట్టి వచ్చిన పేరు.

చూశారా! ఆరింటిలో ఒక్కటే పనిని బట్టి వచ్చింది. మిగతావి పల్లె, అడవి, జాతి, ఇంటిపేరు చూసి పెట్టినవి. పేరు పెట్టినవాడి చేతిలో కలం ఉంది, పెట్టించుకొన్నవాడి చేతిలో లేదు.

ఇది మాటతో ఆగితే బాగుండేది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన ఎరుకల వారిని కూడా ఆ జాబితాలో చేర్చారు. దొంగతనం చేసినా చేయకపోయినా పోలీసుల దగ్గర పేరు నమోదు, వేలిముద్రలు, హాజరు. పొరుగూరు వెళ్ళాలన్నా చెప్పి వెళ్ళాలి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ, ఆ మాట కొందరి నోళ్ళలో ఇంకా పోలేదు.

కాబట్టి నా మనవి ఒకటే. ఎవరైనా ప్లేటు విరగ్గొడితే "ప్లేటు విరగ్గొట్టాడు" అందాం. శిక్ష ఉంటే దానికే వేయండి. "వాడు రౌడీ" అంటే అది వాడి పేరైపోతుంది. తప్పు దిద్దుకోవచ్చు గానీ పేరు దిద్దుకోవడం కష్టం.

మన స్కూలు లైబ్రరీ డిక్షనరీలో 'రఫియన్', 'గూండా' మాటలు వెతికి, వచ్చే సంచికకు వ్రాసి ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థి