పిల్లల బ్లాగు: చదవండి, ప్రశ్న అడగండి, దిద్దకండి



పిల్లలు క్లాసులో రాసే కాంపొజిషన్‌ను చదివేది టీచర్ ఒక్కరే. ఎర్ర పెన్నుతో తప్పులు చుట్టి, మార్కులు వేసి ఇచ్చేస్తాం. పిల్లలు మార్కులు చూసుకుని నోట్సు మూసేస్తారు. అందుకే 'మై విలేజ్' రాయమంటే క్లాసంతా గైడులో ఉన్న ఊరినే రాస్తుంది: కొబ్బరి చెట్లు, పచ్చని పొలాలు, గలగల పారే నది. ఎర్రగుంట్లలో ఆ ఊరు ఎక్కడుందో మరి!

క్లాస్ బ్లాగుతో చదివేవాళ్ళు పెరుగుతారు. బ్లాగు అంటే ఇంటర్నెట్‌లో తేదీలవారీగా రాసుకుంటూ పోయే పుస్తకం లాంటిది. ప్రతి రాత కింద, చదివినవాళ్ళు వ్యాఖ్య రాయడానికి చోటుంటుంది. చదువుకు అసలు పనికొచ్చేది ఆ చోటే.

ఏడో తరగతి పాప నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ గురించి 'దే కట్ ద స్టోన్ విత్ వాటర్' అని రాసిందనుకోండి. పులివెందులలో ఉన్న మేనమామ అది చదివి, 'నీళ్ళతో రాయి ఎట్ల తెగుతాది పాపా?' అని అడుగుతాడు. పాప వెళ్ళి నాన్నను అడుగుతుంది. కోసేది బ్లేడు, నీళ్ళు పోసేది అది వేడెక్కకుండా, దుమ్ము లేవకుండా. 'దే కట్ ద స్టోన్ విత్ ఎ బ్లేడ్ అండ్ పోర్ వాటర్ ఆన్ ఇట్' అని మార్చి రాస్తుంది. 'విత్' పక్కన ఏ మాట రావాలో ఆ పాప ఇక మరిచిపోదు. ప్రిపొజిషన్ల మీద పది పేజీల ఎక్సర్‌సైజులు చేయించినా ఇంత గట్టిగా పట్టుబడదని నా అభిప్రాయం.

పెద్దవాళ్ళ విషయంలోనూ ఇలాగే జరిగింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చూపించే లేఖిని, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చేర్చిన కూడలి వచ్చాక, చదువు అయిపోయి తెలుగులో రాయడం వదిలేసిన ఉద్యోగులు, విదేశాల్లో ఉన్నవాళ్ళు మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. వాళ్ళకు పరీక్ష లేదు, మార్కులు లేవు. చదివి జవాబిచ్చేవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఇక మీతో ఒక మాట. ఫీజు కట్టాక పిల్లల ఇంగ్లీషు నలుగురిలో బాగా కనబడాలని అనిపించడం సహజమే. అలాగని మీరే దిద్దేసినా, ఫోన్‌లో ఏఐతో రాయించినా, మేనమామ ప్రశ్నకు పాప దగ్గర జవాబుండదు. తప్పులతోనే పంపండి. అన్నీ ఒకేసారి కాకుండా, ఒక్కో రాతలో ఒక్కో తప్పు మేము చూపిస్తాం. మీరు 'వెరీ గుడ్', 'సూపర్' దగ్గర ఆగిపోకుండా, చదివితే నిజంగా వచ్చిన సందేహం ఒకటి అడగండి.

భయపడాల్సిన సంగతి కూడా ఒకటుంది. 2009లో మలాలా స్వాత్ లోయలో తన బడి గురించి బీబీసీ ఉర్దూకు డైరీ రాసినప్పుడు 'గుల్ మకాయ్' అనే మారుపేరుతో రాసింది. అక్కడ ప్రాణానికే ముప్పు. ఇక్కడ అంత లేకపోయినా, పిల్లల పూర్తి పేరు, ఫోటో, ఫోన్ నంబరు, బస్సు ఎక్కే చోటు, ఇల్లు తాళం వేసి ఊరెళ్ళే తేదీ బ్లాగులో ఉండకూడదు. కలం పేరు పిల్లలే ఎంచుకోవచ్చు, ఆ సరదా వేరు. బ్లాగును మనం ఎంచుకున్నవాళ్ళే చదివేలా, టీచర్ చూశాకే వ్యాఖ్య కనబడేలా సెట్టింగులు పెట్టుకోవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. కాబట్టి సమ్మతి పత్రం వస్తే చదవకుండా సంతకం పెట్టకండి.

ఇంట్లో కంప్యూటర్ లేకపోతే నోట్సులో రాసి, స్కూలు ల్యాబ్‌లో టైపు చేయొచ్చు. మీ వ్యాఖ్యలు తెలుగులోనే ఉండొచ్చు. అవ్వ చెబుతుంటే అన్న టైపు చేసినా సరే.